వందమంది పక్కమొహాలు, ఒక చిన్న కత్తెర

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. కావలి దగ్గర మీ ఊరి గ్రంథాలయంలో వందమంది ఊరివాళ్ళ పక్కమొహాలు నల్లకాగితంలో చేత్తో కత్తిరించి గోడకి పెట్టాలని ఉంది. సంక్రాంతికి పూర్తికావాలి. మీలో ఎవరికీ ఇదివరకు ఈ పని అలవాటు లేదు. మీ కమిటీలో ఒకాయన మాత్రం "ఫోటోలు తీసి కంప్యూటర్లో నల్లగా చేసి ప్రింటు కొట్టిస్తే ఒక్క రోజులో తేలిపోతుంది గదా" అంటున్నారు.

నేను ఒంగోలు చుట్టుపక్కల బడుల్లో డ్రాయింగ్ మాస్టారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రిటైరయ్యాక మా ఊళ్ళో పిల్లల్ని వెంటేసుకుని ఇదే పని చేశాను. కాబట్టి ముందు ఆ కమిటీ ఆయనకి జవాబు చెబుతాను.

ఆయనన్నట్టు చేస్తే బొమ్మలు వస్తాయి, బాగానే వస్తాయి. కాకపోతే ఎవరూ వచ్చి కూర్చోరు. ఫోటో అంటే రోడ్డు మీద నిలబడి ఒక్క క్షణం ఇచ్చి వెళ్ళిపోతారు. కత్తిరించడమంటే మనిషి కుర్చీలో కూర్చోవాలి, కదలకుండా ఉండాలి, చుట్టూ పదిమంది చేరతారు, నా వెనక నిలబడి "మాస్టారూ, ముక్కు ఇంకాస్త ఉంది ఆయనకి" అని వంకలు పెడతారు. అయిదు నిమిషాల్లో తన మొహం తన చేతికి వస్తుంది. ఇంటికి పట్టుకుపోతాడు. సాయంత్రానికి ఆ ఇంట్లోంచి మరో ఇద్దరు వస్తారు. మా దగ్గర మొదటి వారం ఏడుగురే కూర్చున్నారు, ఆ తర్వాత వరస కట్టారు. మీకు గోడ మీద బొమ్మలే కావాలంటే ప్రింటు కొట్టించుకోండి. ఊరు కావాలంటే కత్తెర కొనండి.

ఈ బొమ్మకి మనభాషలో స్థిరమైన పేరు లేదు. ఫోటోని ఛాయాచిత్రం అనేశాం. ఛాయ అంటే నీడ. ఆ పేరు న్యాయంగా దీనికి దక్కాలి, ఎందుకంటే ముందు పుట్టింది ఇదే. 1759లో ఫ్రాన్సుకి ఎతియెన్ ద సిలువెట్ అని ఒక ఆర్థికమంత్రి కొద్ది నెలలు ఉన్నాడు. పొదుపు, పన్నులు అంటూ పెద్దవాళ్ళందరి చేతా తిట్లు తిన్నాడు. చవకరకం వస్తువు దేనికైనా అతని పేరు తగిలించి నవ్వుకునేవాళ్ళు. రంగులు వేయించుకునే స్తోమత లేనివాళ్ళు తీయించుకునే ఈ నల్లబొమ్మకి ఆ పేరు అట్లా అంటుకుపోయింది. 1839లో ఫోటో బయటికొచ్చింది, ఈ పనివాళ్ళ బతుకుతెరువు మెల్లగా పడిపోయింది. నేను నీడబొమ్మ అంటాను. మా ఊళ్ళో పిల్లలు 'నల్లమొహం' అన్నారు, అక్కడే చిక్కొచ్చింది.

ఈ చిక్కు మీకూ వస్తుంది, అందుకే పని గురించి చెప్పేముందు ఇది చెబుతున్నాను. మన ఇళ్ళల్లో గోడకి తగిలించే మొహం చాలామటుకు పోయినవాళ్ళది, దండతో. కొత్తగా కట్టే ఇంటికి తగిలించే నల్లమొహం దిష్టిబొమ్మ. బతికున్న మనిషిని నల్లగా కత్తిరించి గోడకి పెడతామంటే పెద్దవాళ్ళకి మనసొప్పదు. ఒక పెద్దాయన కుర్చీ దాకా వచ్చి, ఆరబెట్టిన బొమ్మలు చూసి, "నాకింకా టైముంది లే అబ్బయా" అని వెళ్ళిపోయాడు. నేను వాదించలేదు. మీరూ వాదించొద్దు.

దానికి పాతకాలం పనివాళ్ళ దగ్గరే ఉపాయం దొరికింది. నల్లకాగితంలో మొహాన్ని కత్తిరించే బదులు తెల్లకాగితం మధ్యలో మొహం ఆకారాన్ని కత్తిరించి తీసేస్తారు. మిగిలిన తెల్లకాగితం వెనక నల్లటిది ఏదైనా పెడితే బొమ్మ కనబడుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో మోజెస్ విలియమ్స్ అనే నల్లజాతి మనిషి ఇట్లాగే చేసేవాడు. పుట్టుకతో బానిస, 1800 తర్వాత విడుదలయ్యాడు. నీడని గీసే యంత్రం ఒకటి పక్కన పెట్టుకుని, తలకి 8 సెంట్లు చొప్పున ఒక్క ఏడాదిలో 8 వేలకు పైగా మొహాలు కత్తిరించాడు. మేము ఆ తెల్లకాగితం వెనక మార్కాపురం పలక పెట్టాం. చెక్క ఫ్రేముతో సహా వస్తుంది, తగిలించడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. పైగా పలక అంటే చదువు, అక్షరాభ్యాసం. దిష్టిబొమ్మ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అదే పెద్దాయన నెల తర్వాత వచ్చి కూర్చున్నాడు, తలపాగా కొత్తది చుట్టుకుని.

ఇంకొక ముసలమ్మ అయితే తన బొమ్మ చూసుకుని, "నన్ను కాసు మీద రాణిని చేశావే" అంది. కాసులపేరులో విక్టోరియా రాణి బొమ్మ పక్కమొహమే గదా. ఆ మాట ఊరంతా పాకింది. ఆడవాళ్ళు రావడం ఆ రోజునుంచే మొదలైంది. నేను పెట్టుకున్న ఉపన్యాసాలన్నిటికన్నా ఆ ఒక్క ముక్క ఎక్కువ పనిచేసింది.

సరే, పని సంగతి.

రెండు దారులున్నాయి. నీడ గీసి దాన్ని చిన్నది చేసి కత్తిరించడం ఒకటి. మనిషిని చూస్తూ నేరుగా కత్తిరించడం రెండోది. మీరు మొదటిదానితో మొదలుపెట్టి రెండోదానికి రండి. నీడ గీసేటప్పుడు అందరూ చేసే పొరపాటు దీపాన్ని దగ్గర పెట్టడం. గోడకి కాగితం అంటించి, దానికి ఆనుకునేటట్టు కుర్చీ వేసి, మనిషి తల కాగితానికి జానెడు దూరంలో ఉండేటట్టు కూర్చోబెట్టండి. దీపం గోడకి పది అడుగుల అవతల, సరిగ్గా కన్నుల ఎత్తులో ఉండాలి. అప్పుడు నీడ అసలు తలకన్నా నూటికి ఎనిమిది వంతులే పెద్దగా పడుతుంది, అంచు గీత గీసినట్టుంటుంది. అదే దీపాన్ని మూడడుగుల్లో పెడితే నీడ మూడోవంతు పెరిగిపోతుంది, మనిషి కాస్త కదిలినా మొహమంతా మారిపోతుంది. దీపం ఎంత చిన్న చుక్కగా ఉంటే అంచు అంత వాడిగా ఉంటుంది. ట్యూబ్‌లైటు పనికిరాదు, అంచు పొగలాగా వస్తుంది. కొవ్వొత్తి ఊగుతుంది. చేతిలో ఉన్న సెల్‌ఫోన్ టార్చి అన్నిటికన్నా మేలు. దాన్ని స్టూలు మీద పుస్తకాల మధ్య ఇరికించి పెట్టాం.

గీసిన నీడ తొమ్మిది, పది అంగుళాలుంటుంది. దాన్ని చిన్నది చేయడానికి పాంటోగ్రాఫ్ అనే కడ్డీల పరికరం ఉంటే సరే. లేకపోతే లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకి నేర్పే గడుల పద్ధతే. పెద్ద కాగితం మీద అంగుళం గడులు, చిన్నదాని మీద పావు అంగుళం గడులు. ఒక్కో గడిలో గీత ఎక్కడ దూరి ఎక్కడ బయటికి వస్తుందో చూసి దించుకోవడమే. రెండుంపావు అంగుళాల తల వస్తుంది. పోస్టుకార్డు మీద అంటించడానికి సరిగ్గా సరిపోతుంది.

ఇట్లా ఒక ఇరవై తలలు చేస్తే కంటికి అలవాటవుతుంది. అప్పుడు నీడ మానేసి, మనిషిని పక్కనుంచి చూస్తూ కత్తెర ఆడించండి. మొదటి యాభై తప్పవుతాయి. అవి ఇంట్లోవాళ్ళ మొహాలయితే నయం. నేను మా ఆవిణ్ణి నలభైసార్లు కత్తిరించాను. అందులో సగం మా అత్తగారు వచ్చారు.

కత్తెర గురించి చాలామంది అడుగుతారు. దర్జీ కత్తెర పనికిరాదు, మీరట్‌ది ఎంత మంచిదైనా సరే, అది బట్టకి. మనకి కావలసింది వేళ్ళు పెట్టే పిడి పొడుగ్గా, కోసే భాగం పొట్టిగా, మొన సన్నగా ఉన్నది. సర్జికల్ షాపుల్లో కంటి ఆపరేషన్లకి వాడే నాలుగున్నర అంగుళాల కత్తెర దొరుకుతుంది, ఐరిస్ కత్తెర అని అడగండి. కుట్టుపూలకి వాడే చిన్న కత్తెరయినా పరవాలేదు. కాగితం బడిపిల్లలు కొనే నల్ల గ్లేజ్ పేపరు. చార్టు మందం, ముక్కు కింద మలుపులో విరుగుతుంది. గాలిపటాల కాగితం మరీ పలచన. గ్లేజ్ పేపరుకి వెనకవైపు తెల్లగా ఉంటుంది, అదే దాని సుఖం. నల్లవైపు లోపలికి ఉండేలా రెండుగా మడవండి. తెలుపు మీకు కనబడుతుంది, పెన్సిల్ గుర్తు పెట్టుకోవచ్చు. ఒక్క కోతకి రెండు బొమ్మలు వస్తాయి, ఒకటి కుడివైపు చూస్తూ, ఒకటి ఎడమవైపు చూస్తూ. రెండెందుకో కింద చెబుతాను.

కోసేటప్పుడు కదలాల్సింది కాగితం. కత్తెర పట్టుకున్న చెయ్యి ఉన్నచోటే ఉండాలి, ఎడమచేత్తో కాగితాన్ని దాని నోట్లోకి తిప్పుతూ పోవాలి. కొత్తవాళ్ళు చేతిని తిప్పుతారు, గీత మెట్లు మెట్లుగా వస్తుంది. మొనతో కోయకండి, నోరు లోపలిభాగంతో కోయండి. మొన పెదవుల మధ్య గాటుకీ, కనురెప్ప వెంట్రుకకీ మాత్రమే. నేను ఛాతీ ముందుభాగంలో మొదలుపెట్టి, మెడ, గడ్డం, పెదవులు, ముక్కు, నుదురు అని పైకి వెళ్ళి, జుట్టు మీదుగా వెనక్కి దిగుతాను. మొహం ముందు అయిపోవాలి. అది చెడితే కాగితం అక్కడే పారేసి ఇంకోటి తీసుకోవచ్చు, కొప్పు దాకా వెళ్ళి బాధపడే పని ఉండదు.

పోలిక ముక్కులో ఉంటుందని అందరూ అనుకుంటారు, ముక్కుతోనే కుస్తీ పడతారు. నా అనుభవంలో మూడు చోట్ల తప్పు జరుగుతుంది, అందులో ముక్కు లేదు. ఒకటి తల వెనకభాగం. పక్కనుంచి చూస్తే గడ్డం నుంచి నడినెత్తి దాకా ఎంత పొడుగో, నుదురు నుంచి వెనక్కి దాదాపు అంతే ఉంటుంది, తల ఇంచుమించు చదరంలో పడుతుంది. కొత్తవాళ్ళు వెనక సగం కోసేస్తారు, మనిషికి తల గోడకేసి కొట్టినట్టుంటుంది. రెండోది మెడ. మెడ నిట్టనిలువుగా ఉండదు, ముందుకి వాలి ఉంటుంది. ఒక్కొక్కరిది ఒక్కో వాలు. మూడోది పై పెదవికీ ముక్కుకీ మధ్య జాగా. అది ఒక్క నూలు పెరిగినా వేరే మనిషి అవుతాడు. మా ఊరి పాలాయనని ఆయన ముక్కు తప్పుగా కోసినా జనం గుర్తుపట్టారు, ఎందుకంటే తల ముందుకి పెట్టి నడుస్తాడు, ఆ వాలు దొరికింది.

పిల్లలకి నుదురు ముందుకి ఉబ్బి, ముక్కు పై భాగం లోపలికి పోయి, గడ్డం వెనక్కి ఉంటుంది. పెద్ద తల, చిన్న మొహం. దాన్ని పెద్దవాళ్ళ కొలతలతో కోస్తే మరుగుజ్జు అవుతారు. ముసలివాళ్ళకి ముక్కు కొస కిందికి దిగుతుంది. పళ్ళు లేకపోతే పెదవులు లోపలికి ముడుచుకుని, గడ్డం పైకి లేచి ముక్కుని వెతుక్కుంటూ ఉంటుంది. కట్టుడు పళ్ళున్నవాళ్ళని పెట్టుకుంటారా తీసేస్తారా అని చెవిలో అడగండి. ఒకాయన ఊరికి తెలియదనుకుని పెట్టుకున్నాడు, అందరికీ తెలుసు.

నెల్లూరు జిల్లా డి.సి.పల్లిలో తోలుబొమ్మలు చేస్తారు, మీకు దూరం కూడా కాదు, పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి. తోలుబొమ్మలో మొహం ఎక్కువగా పక్కకే ఉంటుంది, కానీ తోలు గుండా వెలుగు వస్తుంది, నగలన్నీ ఉలితో కొట్టిన చిల్లులు. మన బొమ్మలో వెలుగు రాదు, అంతా అంచులోనే చెప్పాలి. కాబట్టి అంచుకి వచ్చే వస్తువుల్ని వదలకండి: బులాకీ, మీసం కొస, కళ్ళజోడు కాడ, టోపీ, జడలో కనకాంబరాల దండ, చెవిలో పెట్టుకున్న పెన్సిలు. మా వడ్రంగి చెవి మీది పెన్సిల్ కోసం నాకు మూడు కాగితాలు పోయాయి. ముసుగు వేసుకునే ఆడవాళ్ళని తీయమని అడగనే వద్దు, ముసుగు అంచు ఎంత బాగా వస్తుందో కోసి చూడండి. ఆడవాళ్ళని కోయడానికి ఒక ఆడపిల్లకి తర్ఫీదు ఇవ్వండి. మగమనిషి అయిదు నిమిషాలు కన్నార్పకుండా చూస్తే కూర్చోవడం ఇబ్బందే గదా.

ఛాతీ దగ్గర కింద గీత ఎట్లా ముగించాలనేది మీ సంతకం. పాతకాలం బొమ్మ ఎవరి చేతిదో తేల్చడానికి ఆ గీతనే చూస్తారు. కొడవలి ఒంపో, చేప తోకో, ఏదో ఒకటి పెట్టుకుని అందరికీ అదే కోయండి.

ముక్కు చూసి గుణం చెప్పమనేవాళ్ళు ఒకరిద్దరు తప్పక వస్తారు. స్విట్జర్లాండులో లవాటర్ అనే పాదిరీ 1770లలో ఇదే పని పెట్టుకున్నాడు. నీడ గీయడానికి ప్రత్యేకంగా కుర్చీ చేయించి, నుదురు ఒంపుని బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చని యూరప్ అంతా నమ్మించాడు. అది తప్పుడు లెక్క, ఆ లెక్కతో తర్వాత జాతులకి జాతుల్నే తక్కువచేసి మాట్లాడారు. మా దగ్గర సాముద్రికం తెలిసిన ఒకాయన కుర్చీ పక్కన చేరి, ఒకడి గడ్డం చూసి దొంగబుద్ధి అన్నాడు. ఆయనకి టీ తాగించి పంపేశాను.

గోడ మీద వరస గురించి మేం పడ్డ తప్పు మీరు పడకండి. మొదటిసారి అందంగా ఉంటుందని ఊరిపెద్దల్ని పై వరసలో పెట్టాం. కాలనీవాళ్ళు ఎక్కువగా చివర్లో వచ్చి కూర్చున్నారు, కింది వరసల్లోకి పోయారు. మాకు ఏ ఉద్దేశమూ లేదు, కానీ చూసినవాళ్ళకి ఉద్దేశం కనబడింది. వాళ్ళదే న్యాయం. రెండు రోజులు గోల. నలుపులో అందరూ ఒకటేనని నేను ప్రారంభోత్సవంలో మాట్లాడాను, ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. మొత్తం దింపి, కూర్చున్న తేదీ వరసన మళ్ళీ కట్టాం. సర్పంచి గారు అరవై ఏడో మొహం. ఆయనే ఏమీ అనలేదు.

జిగురు, గాజు గురించి త్వరగా చెప్పేస్తాను. మైదా ఉడికించి అంటించాం, ఏడాదిలో వెండిరంగు పురుగులు పది మొహాలు తినేశాయి. ఫెవికాల్ నీళ్ళు కలిపి, నడినెత్తినా ఛాతీ దగ్గరా రెండు చుక్కలు చాలు, అంతా పూస్తే కాగితం ముడత పడుతుంది. ఒక ఫ్రేముల షాపులో గాజుని కాగితానికి తగిలేటట్టు బిగించారు, వానల్లో తేమకి మొహం గాజుకే అంటుకుపోయింది. మధ్యలో అట్టముక్క పెట్టించి సందు ఉంచండి. మనకి అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాలతో వానలు, ఆ రోజుల్లో కాగితం చుట్టుకుపోతుంది. ఎండాకాలం చెమట చేతులకి నలుపు అంటుతుంది. మీకు మిగిలింది డిసెంబరు నుంచి ఫిబ్రవరి. వందమందిని సంక్రాంతికల్లా చేయాలనుకుంటే కష్టం. అరవైమందితో సంక్రాంతికి గోడ తెరవండి. పండక్కి హైదరాబాదు, చెన్నై నుంచి వచ్చినవాళ్ళు ఆ గోడ ముందే కూర్చుంటారు, మిగతా నలభై అక్కడే అవుతాయి.

ఇక రెండు బొమ్మల సంగతి. ఒకటి మనిషికి ఇవ్వాలి, ఒకటి మీ దగ్గర ఉండాలి. ఆగుస్త్ ఎదువార్ అనే ఫ్రెంచి మనిషి ఇంగ్లండులో, తర్వాత అమెరికాలో ఊరూరా తిరిగి వేలమందిని కత్తిరించాడు. కాగితం మడిచి కోసి, ప్రతి నకలు వెనక పేరు, ఊరు, తేదీ రాసి ఆల్బముల్లో పెట్టుకున్నాడు. 1849లో తిరుగు ప్రయాణంలో ఓడ బద్దలై ఆల్బముల్లో చాలామటుకు సముద్రం పాలయ్యాయి. మిగిలినవాటి వల్ల ఆనాటి మామూలు మనుషులు పేర్లతో సహా మనకి తెలుస్తున్నారు. మీరూ నకలు వెనక పెన్సిల్‌తోనే రాయండి. పేరు వాళ్ళు చెప్పినట్టే రాయండి, రేషన్‌కార్డులో ఉన్నట్టు కాదు. గోడకి పెట్టడం ఇష్టమేనా అని విడిగా అడిగి, ఆ మాట కూడా రాయించుకోండి. పిల్లలకయితే అమ్మానాన్నల మాట. ఇద్దరు ఇంటికి ఇవ్వండి గోడకి వద్దన్నారు, వాళ్ళవి కవరులోనే ఉన్నాయి. ఆల్బం ఒకేచోట ఉంచకండి, ప్రతి పేజీని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. కమిటీ ఆయన కంప్యూటరు ఇక్కడ పనికొస్తుంది.

పోయినవాళ్ళ బొమ్మ చేయమని అడుగుతారు. ఎదురుగా తీసిన ఫోటోలోంచి పక్కమొహం రాదు, ఎవరు చేసినా అది ఊహే. అందుకని బతికున్నవాళ్ళకే అని నియమం పెట్టుకున్నాం. ఒకావిడ భర్త ఆధార్‌కార్డు జిరాక్స్ పట్టుకొచ్చింది. రాదమ్మా అని చెప్పాను. కాసేపు అక్కడే కూర్చుంది. మర్నాడు పెద్దకొడుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, "వీడిది కోయండి. నుదురు ఆయనదే" అంది. ఆ బొమ్మ మీద నేను మామూలుకన్నా ఎక్కువసేపు పనిచేశాను. గోడ మీద అది పందొమ్మిదో నంబరు, కొడుకు పేరే ఉంది.

దూరంగా ఉండి రాలేనివాళ్ళకి ఫోటో పంపమనండి. కాకపోతే ఎనిమిది, పది అడుగుల దూరం నుంచి, కళ్ళ ఎత్తులో, జూమ్ చేసి తీయమనండి. దగ్గరినుంచి తీస్తే కొలతలు మారిపోతాయి.

ముందు రెండు కత్తెరలు, గ్లేజ్ పేపరు కట్ట కొని మీ ఇంట్లోవాళ్ళతో మొదలుపెట్టండి. మొదటి పది బొమ్మలు ఇక్కడ పెడితే ఎక్కడ తప్పు జరుగుతోందో చెబుతాను. ఆ కత్తెర మాత్రం దాచిపెట్టుకోండి. మా మొదటి కత్తెరతో మా ఇంట్లో పాలప్యాకెట్లు కోశారు, నాలుగో రోజుకి ముక్కులన్నీ మొండివయ్యాయి.